చిన్నరాజు చిల్లుల కార్డులు

ఏలూరు కాలవగట్టు మీద డాక్టర్ చలపతిరావు గారి ఆసుపత్రికి ఎవరొచ్చినా ముందుగా కనిపించేది చిన్నరాజే. గుమ్మంలో ఒక బల్ల, దాని మీద చీట్ల కట్ట, దాని వెనక చెవిలో పెన్సిలు దోపుకుని, వీపు కాస్త వంచి అతను. పేరేమిటి, ఊరేమిటి, బాధేమిటి అని మూడే ప్రశ్నలు అడిగేవాడు. మూడోదానికి జవాబు చెప్పడానికి కొందరికి పావుగంట పట్టేది. చిన్నరాజు విసుక్కునేవాడు కాదు. "గుండెల్లో కప్ప గెంతినట్టు ఉంటోందండీ" అని ఎవరైనా అంటే ఆ మాటే చీటీ మీద ఎక్కించేవాడు.

లోపల డాక్టరు గారు ఆ చీటీ చదివి కేకేసేవారు. "ఏవయ్యా, ఈ కప్పేవిటి? గుండె దడ అని రాయలేవూ?"

"ఆవిడ కప్పనే చెప్పిందండి."

"నువ్వు మార్చి రాయొచ్చుగా?"

"మార్చడానికి నాకేం తెలుసండీ?"

వినయంగానే అనేవాడు. కానీ మార్చేవాడు కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడం అతనికి పుట్టుకతో వచ్చిన మొండితనం. లోకంలో సగం మంది గుమస్తాలకు ఆ జబ్బు అంటుకుంటే ఎంత బాగుండును!

చిన్నరాజు పుట్టింది కొల్లేటి నడుమ ఒక లంకలో. తండ్రి, తాత, ముత్తాత అందరూ వలలు వేసి బతికినవాళ్ళే. ఇతనికి మాత్రం దోనె ఎక్కితే చాలు, కళ్ళు తిరిగేవి. నీళ్ళ మధ్య పుట్టి, నీళ్ళ మీద పది బారలు వెళ్ళగానే వాంతి చేసుకునే కొడుకుని ఏం చేసుకోవాలో తండ్రికి పాలుపోలేదు. నాలుగేళ్ళు నవ్వారు, రెండేళ్ళు తిట్టారు, ఆఖరికి వీడు గట్టు మీద బతకాల్సినవాడని తేల్చుకుని కైకలూరు బళ్ళో వేశారు. ఎస్సెల్సీ దాకా చదివి, ఏలూరు వచ్చి, డాక్టరు గారి గుమ్మంలో కుర్చీ సంపాదించాడు. వాళ్ళ వంశంలో కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటి మనిషి అతనే. చెల్లెలు మంగమ్మని మాత్రం మళ్ళీ నీళ్ళలోకే, మండవల్లి అవతల లంకకి ఇచ్చారు. ఆ పిల్లంటే చిన్నరాజుకి ప్రాణం. చిన్నప్పుడు దోనెలో అతను తల వేలాడేసుకుంటే నవ్వకుండా వీపు రాసింది ఆ ఇంట్లో మంగమ్మ ఒక్కతే.

చలపతిరావు గారు మంచి డాక్టరు. మద్రాసులో చదివి, పెద్ద ఉద్యోగాలు వద్దనుకుని సొంత జిల్లాకి వచ్చేసిన మనిషి. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, వైద్య పత్రికలు. లండను నుంచి, కలకత్తా నుంచి, మద్రాసు నుంచి మొత్తం పదకొండు పత్రికలు పోస్టులో గొట్టాల్లా చుట్టుకుని వచ్చేవి. భోజనం అయ్యాక పడక్కుర్చీలో వాలి చదివేవారు. నచ్చిన వ్యాసం పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టి, పత్రిక కింద పడేసేవారు. అది పడ్డ చోటే ఉండేది. వరండాలో, మెట్ల కింద, మందుల బీరువా మీద ఎక్కడ చూసినా పత్రికలే. ఒకసారి ఊరగాయ జాడీల వెనక కూడా ఒకటి దొరికింది.

అసలు అవస్థ అవసరం పడ్డప్పుడు. "మొన్నే చదివానయ్యా! ఎడమ చేతి పేజీ. కింద ఒక బొమ్మ కూడా ఉంది" అనేవారు, రోగి మంచం పక్కన నిలబడి. ఆ ఎడమ చేతి పేజీ కోసం ఇంటిల్లిపాదీ వెతికేవాళ్ళు. అది దొరికేసరికి రోగి కోలుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. కోలుకోకపోతే ఇంకో దారిన వెళ్ళిపోయేవాడు. అలా ఒకటికి రెండుసార్లు జరిగాక, పందొమ్మిది వందల యాభైలో, డాక్టరు గారు చిన్నరాజుని పిలిచి వరండా అంతా చూపించి, "వీటికో దారి చూడవయ్యా" అన్నారు.

చిన్నరాజు చేసిన మొదటి ఏర్పాటు పుట్టింట్లో నేర్చుకున్నదే. వల గట్టుకి లాగాక చేపల్ని ఏరతారు. కొర్రమీను ఒక బుట్ట, జెల్ల ఒక బుట్ట, రొయ్య ఒక బుట్ట. ఏ చేపైనా ఒక్క బుట్టలోనే పడుతుంది. అతను పధ్నాలుగు బిస్కట్ డబ్బాలు తెచ్చి గుండె, ఊపిరితిత్తులు, పిల్లలు, పురుళ్ళు, కళ్ళు, తిండి అని వరసగా కాగితాలు అంటించాడు. డాక్టరు గారు టిక్కు పెట్టిన ఒక్కో వ్యాసానికి ఒక్కో కార్డు. దాని మీద వ్యాసం పేరు, పత్రిక పేరు, సంవత్సరం, పేజీ, ఒక వరస నంబరు. పత్రికలన్నీ బీరువాలో సర్దాడు. వ్యాసం పేరులో ఏ మాట కనిపిస్తే ఆ డబ్బాలో కార్డు పడేది. ఇంగ్లీషు మాట తెలియకపోతే నిఘంటువు చూసేవాడు, అందులోనూ లేకపోతే డాక్టరు గారినే అడిగేవాడు.

వెతుకులాట సగానికి సగం తగ్గింది. డాక్టరు గారు పొంగిపోయి, ఇంటికొచ్చిన ప్రతి డాక్టరుకీ ఆ డబ్బాలు చూపించేవారు. చిన్నరాజు పక్కన నిలబడి సిగ్గుపడేవాడు. నిజానికి సిగ్గు తక్కువ, గర్వం ఎక్కువ. దోనె ఎక్కలేడని నవ్విన తండ్రి ఒక్కసారి వచ్చి ఈ డబ్బాలు చూస్తే బాగుండునని లోపల ఒక కోరిక ఉండేది.

యాభై ఒకటి వేసవిలో మంగమ్మ తొలి బిడ్డ పోయాడు. పుట్టినప్పుడు బండలా ఉన్న పిల్లవాడు మూడో నెలలో, రెండు రోజుల్లో పోయాడు. చిన్నరాజుకి కబురు అందేసరికే అంతా అయిపోయింది. బాలగ్రహం అన్నారు, దిష్టి అన్నారు. మంగమ్మ అత్తగారు వరహాలమ్మ తాయెత్తులు కట్టించింది.

రెండో బిడ్డ యాభై మూడులో, ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు. వాడికీ మూడో నెల రాగానే అదే ముంచుకొచ్చింది. ఈసారి మంగమ్మ భర్త సత్తిబాబు ఆలస్యం చెయ్యలేదు. పెళ్ళాన్నీ పిల్లవాణ్ణీ దోనెలో గట్టుకి చేర్చి, అక్కణ్ణించి బండి కట్టించి ఏలూరు తెచ్చాడు. సొంత మేనల్లుణ్ణి ఆ స్థితిలో చూసి చిన్నరాజుకి తన మూడు ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. సత్తిబాబే చెప్పాడు. "ఆయాసం బావా. ఊపిరందటం లేదు." చీటీ మీద అదే పడింది. మంగమ్మ వెనకాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెనెవరూ ఏమీ అడగలేదు.

డాక్టరు గారు చూసి నిమ్మోనియా అన్నారు. ఆ ఎగశ్వాస చూసిన ఏ డాక్టరైనా అదే అనేవాడు. పెన్సిలిన్ ఇచ్చారు. గుణం కనిపించకపోయేసరికి ఆయనకి అనుమానం తగిలింది. "చిన్నరాజూ, చంటిపిల్లలకి ఉన్నట్టుండి ఇలా వచ్చే జబ్బులు ఇంకేవైనా ఉన్నాయేమో చూడవయ్యా" అన్నారు. చిన్నరాజు పిల్లల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నూట నలభై కార్డులు ఒక్కొక్కటీ చూశాడు. ఏమీ దొరకలేదు. ఊపిరితిత్తుల డబ్బా తీసి సగం దాకా వచ్చేసరికి లోపలి గదిలోంచి మంగమ్మ ఏడుపు వినిపించింది. చేతిలో ఉన్న కార్డుని ఏం చెయ్యాలో తెలియక, చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాత నెల్లాళ్ళు అతను డబ్బాల జోలికి వెళ్ళలేదు. గొట్టాలు గొట్టాలుగా పత్రికలు వచ్చి వరండాలో మళ్ళీ పేరుకున్నాయి. డాక్టరు గారు చూస్తూనే ఉన్నారు. అంత దుఃఖంలో ఉన్నవాడిని పని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఒక పత్రిక తెచ్చి అతని బల్ల మీద తెరిచి పెట్టారు.

అందులో ఒక కార్డు బొమ్మ ఉంది. అంచుల వెంట నాలుగు పక్కలా వరసగా చిల్లులు.

"విదేశాల్లో పెద్ద ఆసుపత్రుల్లో ఇలా చేస్తున్నారట" అన్నారు డాక్టరు గారు. "ఒక్కో చిల్లు ఒక్కో విషయానికి. ఏడో చిల్లు పిల్లలనుకో. వ్యాసంలో పిల్లల మాట ఉంటే ఏడో చిల్లుని అంచు దాకా కత్తిరించెయ్యాలి. లేకపోతే చిల్లుని అలాగే ఉంచాలి. పిల్లల వ్యాసాలు కావలసినప్పుడు కట్ట మొత్తానికి ఏడో చిల్లులో సన్నటి ఊచ దూర్చి పైకెత్తు. కత్తిరించినవి కిందికి రాలిపోతాయి, తక్కినవి ఊచకి వేలాడతాయి. రాలినవాటిని మళ్ళీ కట్ట కట్టి ఇంకో చిల్లులో దూర్చు. రెండు విషయాలూ ఉన్నవే రాలతాయి."

చిన్నరాజు ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "అయితే ఒక్క చేప నాలుగు బుట్టల్లో ఉండొచ్చన్నమాటండీ" అన్నాడు. తన పధ్నాలుగు డబ్బాల్లో ఏముందో, ఆ రోజు తన ఒళ్ళో లేని డబ్బాల్లో ఏం ఉండిపోయిందో ఆలోచిస్తున్నాడని డాక్టరు గారికి అర్థమైంది. ఆయన అతని భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే పని మొదలైంది. శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో మిగిలిపోయిన దళసరి అట్టలు తెచ్చాడు. అందుకే ఆ ఆసుపత్రిలో కొన్ని గుండెజబ్బు కార్డుల వెనక శ్రీరస్తు, శుభమస్తు అని సగం సగం అక్షరాలు ఉండేవి. చిల్లులు పొడిచే యంత్రం డాక్టరు గారు మద్రాసు నుంచి తెప్పించారు. అంచు కత్తిరించడానికి, పింఛను పుచ్చుకున్న ఒక టికెట్ కలెక్టర్ దగ్గర పాత కత్తెర దొరికింది. ఊచ కింద సైకిలు చక్రం స్పోకు కుదిరింది.

ఒక్కో కార్డుకి యాభై రెండు చిల్లులు. వేటికి ఏ పేరు పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. డాక్టరు గారు నలభై జబ్బుల, అవయవాల పేర్లు రాసి, "మిగతా పన్నెండూ తర్వాత చూద్దాం" అన్నారు.

"ఆ పన్నెండూ నాకివ్వండి" అన్నాడు చిన్నరాజు.

"నీకెందుకయ్యా?"

"జబ్బు పేరు తెలిసినవాడు కార్డు కోసం ఎందుకు వెతుకుతాడండీ? పేరు తెలియకే కదండీ వెతుకుతాం! బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళెవరూ నాకు జబ్బు పేరు చెప్పరండి. పిల్ల ఏడుపు మారిందంటారు, పాలు పట్టటం లేదంటారు, కాళ్ళలో చీమలు పాకుతున్నాయంటారు. ఆ మాటలకి కూడా చిల్లులుండాలండి."

"కప్పకి కూడానా?"

"ఉండాలండి."

డాక్టరు గారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. కానీ కళ్ళు తుడుచుకున్నాక ఆ కాగితం మళ్ళీ తీసి చూసి, "సరే, కింది వరస నీది" అన్నారు. అలా నలభై తొమ్మిదో చిల్లు ఏడుపుకి వచ్చింది.

పాత వ్యాసాలే ఆరు వందలు పైన ఉన్నాయి, కొత్తవి వస్తూనే ఉన్నాయి. ఈసారి పేరు చూసి సరిపెట్టుకోవడం లేదు, వ్యాసమంతా మళ్ళీ చదవాలి. అదంతా చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషు చిన్నరాజుకి లేదు. అందుకని మధ్యాహ్నాలు డాక్టరు గారు పడక్కుర్చీలో తమలపాకులు నములుతూ పేజీలు తిప్పుతూ అంకెలు చెప్పేవారు. "ఏడు. పద్దెనిమిది. ముప్పై మూడు." కింద చాప మీద కూర్చుని చిన్నరాజు ఆ చిల్లుల్ని టక్కు టక్కుమని కత్తిరించేవాడు. అందులో ఏముందో ఇతనికి తెలియదు, కార్డు మారగానే ఆయనకి గుర్తుండదు. మూడేళ్ళు ఇద్దరూ అలా పనిచేశారు. "ఇంక చాలయ్యా" అని ఆయన విసుక్కున్న రోజులున్నాయి. అప్పుడు చిన్నరాజు తర్వాతి పత్రిక ఆయన ఒళ్ళో పెట్టేవాడు. అతనికి ఎందుకంత పట్టుదలో ఆయన ఎరుగుదురు. మళ్ళీ కళ్ళజోడు సర్దుకునేవారు.

యాభై ఆరులో మంగమ్మకి ఆడపిల్ల పుట్టింది. ముందు ఇద్దరూ పోయారని, పుట్టగానే పిల్లని చేటలో పెట్టి, పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి తీసి, పెంటమ్మ అని పేరు పెట్టారు. అలాంటి పేరున్న బిడ్డని మృత్యువు ముట్టుకోదని నమ్మకం. చిన్నరాజు ఆ నమ్మకం మీద వదిలెయ్యలేదు. మూడో నెల రాకముందే పిల్లని ఏలూరు తీసుకురమ్మని నాలుగు ఉత్తరాలు రాశాడు. పథ్యం పూర్తి కాకుండా బాలింతరాలు గడప దాటకూడదని వరహాలమ్మ పట్టుబట్టింది. పిల్ల మీద ప్రేమ లేక కాదు. ఇద్దరు మనవల్ని పోగొట్టుకున్న మనిషి ఏ నియమం తప్పితే ఏమవుతుందోనని వణికిపోతోంది. చిన్నరాజు పాత డబ్బాల పేర్లతోనే పిల్లలు, ఊపిరితిత్తులు అని రెండు చిల్లుల్లో స్పోకు దూర్చి అప్పటికే మూడుసార్లు వెతికాడు. ప్రతిసారీ రాలినవి నిమ్మోనియా వ్యాసాలే.

నవంబరు నెలలో, ఒక రోజు పొద్దున్నే బండి వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. సత్తిబాబు దిగాడు. వెనక పిల్లని గుండెకి హత్తుకుని మంగమ్మ, ఆమె వెనక వరహాలమ్మ. పిల్ల ముఖం ఉబ్బి ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

సత్తిబాబు నోరు తెరవబోయాడు. చిన్నరాజు చెయ్యెత్తి ఆపాడు. పెన్సిలు తీసుకున్నాడు. "నువ్వు చెప్పమ్మా మంగా. బాధేమిటి?"

మంగమ్మ ఒక్క క్షణం అన్న ముఖంలోకి చూసింది. "ఏడుపు పోయిందన్నియ్యా" అంది. "నోరు తెరుత్తంది, మొకం కందిపోద్ది, కన్నీళ్ళొత్తాయి. సద్దు మాత్రం రాదు. వారం అయ్యింది. ఎవరికి చెప్పినా ఏడవకపోతే మంచిదేగా అంటారు. ముందు ఇద్దరూ ఇంతే. ముందు ఏడుపు పోయింది, తరవాతే ఆయాసం."

"మరి అప్పుడెందుకు చెప్పలేదమ్మా?"

"నన్నెవరడిగారన్నియ్యా?"

డాక్టరు గారు పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. చిన్నరాజు కార్డుల గదిలోకి పరుగెత్తాడు. ఏడో చిల్లులో స్పోకు దూర్చి కట్టలు ఒక్కొక్కటే ఎత్తి దులిపాడు. పిల్లల కార్డులు చాప నిండా రాలాయి. వాటిని పోగు చేసి, నలభై తొమ్మిదో చిల్లులో దూర్చి ఎత్తాడు. మూడే మూడు రాలాయి.

మొదటిది పిల్లలకి గొంతు మూసుకుపోయే కంఠసర్పి జబ్బు మీద. రెండోది గొంతులో చింతగింజ ఇరుక్కున్న పిల్లవాడి కథ. చిన్నరాజు మూడో కార్డు తిప్పి చూశాడు. దాని మీద ఉన్నది మరబియ్యం గురించి. మిల్లులో ధాన్యం తెల్లగా పట్టించినప్పుడు తవుడుతో పాటు ఏమేం పోతాయని. బియ్యానికీ పిల్ల ఏడుపుకీ ఏమిటి సంబంధం? తన చెయ్యి జారి తప్పు చిల్లు కత్తిరించి ఉంటానని అనుకున్నాడు. దాన్ని పక్కన పెట్టెయ్యబోయాడు. కానీ తప్పని తేల్చడానికి నాకేం తెలుసు అనిపించి, బీరువాలోంచి ఆ పత్రిక తీశాడు.

వేలు పెట్టి, మాట మాట కూడబలుక్కుంటూ చదివాడు. అయిదు పేజీలు బియ్యమే. ఆరో పేజీలో ఒక చిన్న పేరా. తెల్లగా పట్టిన బియ్యం తప్ప ఇంకేమీ తినని తల్లుల పాలు తాగే పిల్లలు పైకి బొద్దుగానే ఉంటారు. రెండో నెలలోనో మూడో నెలలోనో ముందు గొంతు పోతుంది, ఏడ్చినా శబ్దం రాదు. తర్వాత ఒళ్ళు ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది, గుండె ఆగిపోతుంది. నిమ్మోనియా అని పొరబడతారు. బి-వన్ విటమిను సూది మందు ఇస్తే గంటల్లో తిప్పుకుంటారు.

చిన్నరాజు పత్రిక పట్టుకుని లోపలికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. డాక్టరు గారు నిలబడే చదివారు. చదవడం అయ్యాక మంగమ్మ వైపు తిరిగి, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగారు.

జవాబు వరహాలమ్మ చెప్పింది. చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. "ఇంట్లో మేవంతా దంపుడు బియ్యమేనండి బాబూ. బాలింతరాలికి అయ్యి అరగవని మావోడు గూడెం సంతకి ఎండుచేపలేసుకెళ్ళినప్పుడల్లా మిల్లు బియ్యం తెత్తాడండి. పాతబియ్యం, మల్లెపూలలా ఉంటాయి. మూడు నీళ్ళు కడిగి గంజి వార్చి పెడతాను. కారప్పొడి, నెయ్యి చుక్క, అంతే. పప్పు లేదు, కూర లేదు, చేప వాసన కూడా తగలనియ్యనండి. మొదటోడు పోయాక పథ్యం ఇంకా గట్టిగా పట్టానండి."

డాక్టరు గారు కళ్ళు మూసుకుని తెరిచారు. ఆ విటమిను లోపంతో పెద్దవాళ్ళకి వచ్చే బెరిబెరి అయితే రోగి కాళ్ళ వాపు చూసి ఆయన చిటికెలో చెప్పేవారు. చంటిపిల్లకి తల్లి పాల ద్వారా వస్తుందన్నది ఆయన చదివి మరిచిపోయిన సంగతి. మందుల బీరువా తీసి, తనే సూది వేశారు.

మూడు గంటలు అందరూ ఆ మంచం చుట్టూనే ఉన్నారు. మధ్యాహ్నం జూట్ మిల్లు కూత వేసే వేళకి పిల్ల డొక్కల ఎగురు తగ్గింది. సాయంత్రానికి ముఖం మీద వాపు తగ్గి, కళ్ళు తెరిచి పాలు తాగింది. చిన్నరాజు వరండాలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి, సిగ్గు విడిచి ఏడ్చాడు.

పత్రిక బీరువాలో పెట్టడానికి వెళ్ళినప్పుడు డాక్టరు గారు వెనకాలే వచ్చారు. ఆ పేరా పక్కన సన్నటి పెన్సిలు టిక్కు ఉంది. అది ఆయనదే. పైన సంవత్సరం యాభై రెండు. కార్డు నంబరు మూడు వందల ఎనభై ఎనిమిది. ఆ అంకె చిన్నరాజు చేతిరాత. మేనల్లుడు పోయిన రోజుకి నంబర్లు ఆరు వందలు దాటాయి. అతను పిల్లల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెతుకుతున్నప్పుడు ఈ వ్యాసం కార్డు ఆరడుగుల దూరంలో తిండి డబ్బాలో ఉంది. ఈ సూది మందు కూడా అప్పుడే ఎదురుగా మందుల బీరువాలో ఉంది.

"నేను చదివానయ్యా దీన్ని" అన్నారు డాక్టరు గారు.

"నేను రాశానండి" అన్నాడు.

డాక్టరు గారు పత్రిక అతని చేతిలోంచి తీసుకుని తనే బీరువాలో పెట్టారు.

మర్నాడు డాక్టరు గారు బియ్యం సంగతి మెల్లగా చెప్పారు. తల్లి అందరితో పాటు దంపుడు బియ్యం, పప్పు, చేపలు అన్నీ తినాలన్నారు. ఎంత మెల్లగా చెప్పినా వరహాలమ్మకి అర్థం కావలసింది అర్థమైపోయింది. ఆ మాట విన్నాక ఆమె పిల్ల ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు. గుమ్మం బయట నేల మీద కూర్చుని, "నా చేత్తో పెట్టాను, నా చేత్తోనే పెట్టాను" అని తనలో తను అనుకుంటూ ఉండేది. అన్నం తినమంటే చెయ్యి అడ్డం పెట్టేది.

అయిదో రోజు పొద్దున్న చిన్నరాజు బల్ల దగ్గర ఎవరి పేరో రాసుకుంటుండగా లోపలి నుంచి ఏడుపు వినిపించింది. బొంగురుగా, గరగరగా, కానీ గట్టిగా. రాస్తున్న పేరు సగంలో వదిలేసి పరిగెత్తాడు. పెంటమ్మ కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ ఏడుస్తోంది. మంగమ్మ పిల్లని ఓదార్చడం మానేసి, ఏడవనిచ్చి, నోరారా నవ్వుతోంది. డాక్టరు గారు మంచం అవతల నిలబడి ఉన్నారు. గుమ్మం బయట వరహాలమ్మ మెడ సాచి చూస్తోంది గానీ లోపలికి రావడం లేదు.

మంగమ్మ నవ్వు మెల్లగా ఆగింది. అన్న వైపు చూసింది.

"ఈ సూది మందు ఎప్పుడొచ్చిందన్నియ్యా?"

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని చిన్నరాజుకి తెలుసు. అయిదు రోజులుగా దానికే భయపడుతున్నాడు. డాక్టరు గారి వైపు చూశాడు. ఆయన నేల చూస్తున్నారు. గుమ్మం బయట వరహాలమ్మ వింటోంది.

"ఈ ఏడేనమ్మా" అన్నాడు చిన్నరాజు. "ఈ ఏడే కొత్తగా వచ్చింది."

గుమ్మం బయట వరహాలమ్మ చెంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. అయిదు రోజుల్లో ఆమె కంట నీరు రావడం అదే మొదలు. మంగమ్మ లేచి వెళ్ళి, అత్త చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి పిల్ల పక్కన కూర్చోబెట్టింది.

"నే చెప్పలేదా అత్తా?" అంది. "ఈ మందు అప్పుడే ఉంటే మా అన్నియ్య ఎతికి తెచ్చేవోడు కాదా?"

చిన్నరాజు వంగి మేనకోడల్ని ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పిల్ల అతని చొక్కా గుప్పిట పట్టుకుని, ఆ బొంగురు గొంతుతో ఇంకా ఏడుస్తూనే ఉంది.